వావిలాకు సీసాతో వాషర్‌మెన్‌పేటకి

మద్రాసు వెళ్ళొచ్చానని తెలియగానే మా కాలేజీలో అందరూ అడిగింది ఒకటే: బీచి చూశావా, చీరలేం తెచ్చావు అని. బీచి చూడలేదు. చీర తేలేదు. నేను ఎక్కువగా చూసింది పురుగుల్ని. ఆవుల కడుపులో ఉండే, తెల్లటి దారప్పోగుల్లాంటి పురుగులు. వాటి కోసమే వెళ్ళాను. ఊరు ఎలా ఉంటుందో కూడా చెబుతాను గానీ, నా దారి కబేళా మీదుగా పోయింది కాబట్టి మీరూ అటునుంచే రావాలి.

నేను కాకినాడలో కెమిస్ట్రీ లెక్చరర్ని. పుట్టింది కోనసీమలో. మావైపు బోదకాలు లేని వీధి ఉండదు. డిగ్రీ చదివే రోజుల్లో నా ఎడమకాలు కూడా వాచడం మొదలుపెట్టింది. దోమ కుట్టినప్పుడు ఒంట్లోకి చేరిన పురుగు లోపల ఏళ్ళ తరబడి బతుకుతుంది. సర్కారువాళ్ళు ఇచ్చే బిళ్ళలు నెత్తుట్లో తిరిగే పిల్లపురుగుల్ని చంపుతాయి గానీ పెద్దపురుగులు అంత తేలిగ్గా లొంగవు. మా అమ్మమ్మ వాపులకి వావిలాకు వేడిచేసి కట్టేది. ఆ ఆకులో పురుగుని చంపే గుణం నిజంగా ఉందో లేదో తేల్చుకోవాలని నాకు పట్టుదల పుట్టింది. ఆకు నీడన ఎండబెట్టి, పొడిచేసి, స్పిరిట్‌లో నానబెట్టి సారం తీశాను.

మనిషి ఒంట్లో ఉండే పురుగు పరీక్షకి దొరకదు. దానికి చుట్టమైన ఆవు పురుగు మీద చేసి చూడాలి. అలాంటి పరీక్షలు చేసే ప్రయోగశాల ఒకటి చెన్నైలో ఉంది. అక్కడి డాక్టర్ నళినిగారు ఏప్రిల్లో కొన్నాళ్ళు ఒక బల్ల ఖాళీగా ఉంటుంది, రమ్మన్నారు. సారం ఉన్న సీసాకి గుడ్డ చుట్టి బయలుదేరాను.

బండిలో

తెల్లవారి నెల్లూరు దాటాక, ఎదురు బెంచీ మీద కూర్చున్న పెద్దావిడ నా కాలు చూసి, పెట్టెలో అందరికీ వినపడేలా, "బోదకాలా అమ్మా?" అంది.

అవునన్నాను. అంతే, పెట్టె అంతా వైద్యశాల అయిపోయింది. ఒకాయన జిల్లేడాకు అన్నాడు. ఇంకొకాయన ఉప్పు కాపడం అన్నాడు. మూడో ఆయన వాళ్ళ బావగారికి ఎవరో సాధువు తాడు కడితే రాత్రికి రాత్రే తగ్గిపోయిందన్నాడు. ఆ బావగారు ఇప్పుడెలా ఉన్నారని అడిగితే కిటికీలోంచి బయటికి చూశాడు. నవ్వొచ్చింది గానీ నవ్వలేదు. అప్పటికి నా సీసాలో ఉన్నదీ అలాంటి మాటే. దాన్ని మాటగా మిగలనివ్వకూడదనే వెళ్తున్నాను.

పెద్దావిడ దిగేముందు నాకు రెండు ఇడ్లీలు, కారప్పొడి పెట్టి, "కాలు కిందికి యాలాడేయబాక, పైన బెట్టుకో" అంది. ఆ పెట్టెలో దొరికిన వైద్యాలన్నింట్లో అదొక్కటే పనికొచ్చిందని తరవాత తెలిసింది.

వాషర్‌మెన్‌పేట

ఊరి పేరు చెన్నై అని మార్చి ఎంతో కాలం కాలేదు. బోర్డుల మీద చెన్నై, మనుషుల నోట్లో మద్రాసు. స్టేషన్ బయట ఆటోవాడు నలభై అడిగి, నేను తెలుగులో గొణుక్కోవడం విని, తెలుగులోనే ముప్ఫైకి దిగాడు.

మా కాలేజీ గుమాస్తాకి మేనత్త రాజమ్మగారు. ఆవిడ ఇంట్లో నాకు బస. భర్త పప్పుల టోకు వ్యాపారి, అందరూ శెట్టిగారంటారు. కింద కొట్టు, పైన కాపురం. వీధంతా మూటలు దించే బళ్ళు, సైకిళ్ళు, మిరపకాయల ఘాటు. కుళాయి దగ్గర ఆడవాళ్ళ ప్లాస్టిక్ బిందెలు రంగురంగులుగా వరసకట్టి ఉన్నాయి. నీళ్ళ లారీ రాకపోతే ఆ వీధికి పండగ కూడా లేనట్టేనట. కాలవగట్టున పెరిగిన నాకు బిందె కోసం వరస కట్టడం కొత్త. సాయంత్రమయ్యేసరికి దోమలు మాత్రం మా ఊరివే అనిపించాయి. మాకు కాలవల్లో పుడితే వీళ్ళకి మురుగ్గుంటల్లో పుడుతున్నాయి.

రాజమ్మగారు యాభై ఏళ్ళ మనిషి. పెద్ద జరీ అంచు చీర నేలను ఊడుస్తుంటే మెల్లగా నడిచి వచ్చి, నా చేతిలో సంచీ అందుకుంది.

"రామ్మా, ఈడ కూచో. దారిలో శాప్పాటు తిన్నావో లేదో. గారూ గీరూ అనబాక, అక్కా అను, సరియా?"

భోజనంలో ఉల్లి పులుసు పెట్టింది. మేమైతే అందులో బెల్లం వేస్తాం అన్నాను. "పులుసులో బెల్లమా? అయ్యో, అది పాయసం గదా!" అని శెట్టిగారు ముద్ద ఆపేసి నన్ను జాలిగా చూశారు.

నేను పరిశోధన పని మీద వచ్చానని మాత్రం చెప్పాను. కబేళా మాట ఎత్తలేదు. కోడిగుడ్డు కూడా గడప దాటని ఇల్లది.

కబేళా

మర్నాడు వేకువనే వెళ్ళాను. నళినిగారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి గేటు దగ్గర ఏసుపాదం నా కోసం నిలబడి ఉన్నాడు. నలభై ఏళ్ళుంటాయి, లుంగీ మీద రబ్బరు బూట్లు. తాతల నాడు నెల్లూరు సీమ నుంచి పని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబం.

"చూసి అడుగెయ్యండి మేడమ్, ఆడ జారతాది. ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకోండి, ఎవురూ ఏమీ అనుకోరు."

చేపలు తినే మనిషినే గానీ, ఆ వాసనకి కొంగు అడ్డం పెట్టుకున్నాను. నేల మీద నీళ్ళు, నెత్తురు కలిసి పారుతున్నాయి. నా వాచిన కాలికి చెప్పు సరిగా పట్టదు. గోడ పట్టుకుని నడిచాను. ఏసుపాదం కోసిన ఆవు కడుపు లోపల వేలు పెట్టి చూపించాడు. తెల్లగా, సన్నగా, వేలంత పొడవున మెలికలు తిరుగుతున్నాయి. ఇన్నేళ్ళుగా పుస్తకాల్లో బొమ్మగా చూసినదాన్ని అలా కదులుతుంటే చూడటం అదే మొదటిసారి. నా కాలులోనూ దీని చుట్టమే ఇల్లు కట్టుకుందనుకుంటే ఒళ్ళు జలదరించింది. తరవాత కోపమొచ్చింది. ఆ కోపంతోనే ఫ్లాస్కు మూత తీసి ముందుకి పట్టాను.

"ఇది మనుషులకి రాదు గదా మేడమ్?" అన్నాడు ఏసుపాదం, చిన్న పట్టకారుతో ఒక్కోదాన్నీ ఏరి ఫ్లాస్కులో వేస్తూ.

"ఇది రాదు. దీని చుట్టం వస్తుంది. దోమతో."

"మరి దోమని చంపితే పాయె గదా?"

"రెంటినీ చంపాలి."

"అట్టయితే చంపండి," అని నవ్వాడు. "అందరూ ఈడికి కూర కోసం వస్తారు. పురుగు కోసం వచ్చేది మీ బోటోళ్ళే."

పురుగులు బతికి ఉండాలంటే ఒంటి వేడంత వెచ్చగా ఉన్న ఉప్పునీళ్ళలో ఉండాలి. అందుకే ఫ్లాస్కు. బస్సులో పక్కనున్న ముసలాయన దాన్ని ఆశగా చూసి, "కాఫీయా?" అన్నాడు. కాదన్నాను. నమ్మలేదు. పిసినారిదాన్ననుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

శెట్టిగారి కాఫీ

ప్రయోగశాల పదింటికి గానీ తెరవరు. ఆ బట్టలతో వెళ్ళలేను. ఇంటికొచ్చి, ఫ్లాస్కు నా గది కిటికీలో పెట్టి స్నానానికి వెళ్ళాను. నీళ్ళు మీద పోసుకుంటుండగా ఇల్లెగిరిపోయేలా కేక వినిపించింది.

శెట్టిగారు కొట్లోంచి కాఫీ కోసం పైకొచ్చి, తెరిచి ఉన్న నా గదిలో ఫ్లాస్కు చూసి, తనకోసమే పెట్టారనుకుని టంబ్లర్లో వంచుకున్నారు. నేను తడిజుట్టుతో పరుగెత్తుకొచ్చేసరికి టంబ్లరు బల్ల మీద, ఆయన గోడకి ఆనుకుని.

"ఏంది రాజీ ఇది? సేమియానా? కదలతా ఉండాది!"

దాచి లాభం లేదు. ఎక్కడినుంచి తెచ్చానో, చల్లారితే చస్తాయని ఫ్లాస్కులో ఎందుకు పెట్టానో చెప్పేశాను. ఆయన మొహం పాలిపోయింది. "కబేళా నుంచా? నా ఇంట్లోకా? ఈ టంబ్లర్లోనా?" అన్నారు. రాజమ్మ అక్క చాలా మెల్లగా, "సాయంత్రానికి వేరే చోటు చూసుకోమ్మా," అంది.

నాకు ఏడుపు రాలేదు. కోనసీమ నుంచి ఇంత దూరం ఆ పురుగుల కోసం వచ్చి, ఒక టంబ్లరు దగ్గర ఆగిపోతే నాది పట్టుదల ఎలా అవుతుంది? చీర కుచ్చిళ్ళు పైకి పట్టుకుని ఎడమకాలు చూపించాను.

"ఇందుకండీ. దీని కోసం తెచ్చాను. నాకు సరదాయా?"

శెట్టిగారు నా కాలు వంక చూసి, చటుక్కున భార్య వంక చూశారు. ఆ చూపు నాకు అర్థం కాలేదు. ఆయన గబగబా మెట్లు దిగి వెళ్ళిపోయారు. రాజమ్మ అక్క తలుపు దగ్గరికి వేసి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, నేలను ఊడ్చే ఆ జరీ అంచును పైకి లాగింది.

రెండు కాళ్ళూ. నాదానికంటే చాలా ముదిరినవి. వేళ్ళ సందుల్లో పగుళ్ళు.

"పదేండ్లాయె, నేను ఈ మెట్లు దిగి. టి. నగర్ నుంచి చీరలు ఇంటికే తెప్పిస్తాను. కూతురు పెండ్లిలో పీటల మీదనుంచి లేవలా. అందరూ రాజమ్మకి గర్వం అనుకున్నారు. సరి, గర్వమే అనుకోనీ అనుకున్నా."

ఆవిడే లేచి, టంబ్లర్లోని వాటిని కొంగుతో ముక్కు మూసుకుని మళ్ళీ ఫ్లాస్కులోకి వంచింది.

"పో, సీక్రం పో. చల్లారితే చస్తాయన్నావే."

మొదటి పరీక్ష

నళినిగారు పొట్టిగా, కళ్ళజోడు ముక్కు చివరన పెట్టుకుని ఉంటారు. మేమిద్దరం ఇంగ్లీషులో మాట్లాడుకున్నాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. గాజు పళ్ళేల్లో ఉప్పునీళ్ళు పోసి, పురుగులు వేసి, కొన్నింట్లో నా సారం చుక్కలు కలిపాను. గంట గడవకముందే వాటిలో పురుగులు ఆగిపోయాయి. అన్నీ. నేను కుర్చీలోంచి లేచిపోయాను.

"అన్నీ చచ్చాయి డాక్టర్!"

"ఈ పళ్ళెం చూశారా?" అన్నారావిడ.

అది ఆకు సారం లేకుండా, ఆవిడ ఉత్త స్పిరిట్ చుక్కలు వేసి విడిగా పెట్టిన పళ్ళెం. అందులోవీ చచ్చి ఉన్నాయి.

"మీ ఆకు చంపిందో, మీ స్పిరిట్ చంపిందో ఈ పరీక్ష చెప్పలేదు. స్పిరిట్ అంతా ఆవిరి చేసి, మిగిలిన ముద్దని నీళ్ళలో కలిపి మళ్ళీ చెయ్యండి. రేపు మహావీర జయంతి, కబేళా మూస్తారు. ఎల్లుండి పురుగులు తెచ్చుకోండి."

కూర్చుండిపోయాను. ఆవిడ ఓదార్చలేదు. మైక్రోస్కోపు తుడుచుకుంటూ, "మళ్ళీ చేస్తారా, టికెట్టు మార్చుకుంటారా?" అన్నారు. మళ్ళీ చేస్తానన్నాను.

ఇంటికి రాగానే రాజమ్మ అక్క గుమ్మంలోనే అడిగింది. "చచ్చినాయా?"

"చచ్చాయి అక్కా, కానీ..."

"చచ్చినాయంటండీ!" అని ఆవిడ లోపలికి కేకేసింది. నా "కానీ" ఆ కేకలో కలిసిపోయింది. ఆ పూట ఇంట్లో పెసరపప్పు పాయసం చేశారు. సేమియా మాట ఎవరూ ఎత్తలేదు. తింటూ రెండుసార్లు చెప్పబోయాను. ఆవిడ వినే స్థితిలో లేదు. చిన్నపిల్లలా నవ్వుతోంది.

మహావీర జయంతి

పొద్దున షావుకారుపేట వైపు నుంచి ఊరేగింపు బ్యాండు వినిపిస్తోంది. నేను మేడ మీద బట్టలారేసి వచ్చేసరికి రాజమ్మ అక్క నా గదిలో ఉంది. ఒక చేతిలో వావిలాకు సీసా. రెండో చేతిలో చెంచా, నిండుగా.

ఎలా దూకానో తెలియదు. చెంచా ఎగిరిపడింది. ఆకుపచ్చటి సారం ఆవిడ చీర మీద చిందింది.

"ఏందమ్మా ఇది? నాకు ఒక చెంచాడు ఇయ్యలేవా? నీ కాలికే గానీ నా కాలికి వద్దా?"

"అక్కా, అది విషం! ప్రయోగశాల స్పిరిట్. తాగితే కళ్ళు పోతాయి, ప్రాణం పోతుంది. నాటుసారా తాగి చచ్చిపోయారని పేపర్లో వేస్తారే, అదే ఇది."

"పురుగులు చచ్చినాయంటివే!"

"ఆ స్పిరిట్‌కే చచ్చాయి. ఆకుకో కాదో నాకింకా తెలీదు. అదే చెప్పబోయాను నిన్న."

ఆవిడ మంచం మీద కూలబడింది. చాలాసేపు ఏడ్చింది. నా మీద కోపంతో కాదు, రాత్రంతా మెట్లు దిగినట్టు కలగన్నానని చెప్పి ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నాను. ఏం చెప్పినా అబద్ధం అయ్యేలా ఉంది. అందుకని నిజమే చెప్పాను. "నేను కూడా ఇంతవరకూ ఒక చుక్క తాగలేదక్కా. తేలేదాకా తాగను. నీకూ ఇవ్వను."

మధ్యాహ్నం సీసా తీసుకుని ప్రయోగశాలకి వెళ్ళాను. ఊరేగింపు వల్ల బస్సు చుట్టూ తిరిగి పోయింది. సెలవు రోజైనా నళినిగారు వచ్చి తలుపు తీశారు. వేడినీళ్ళ తొట్టి మీద పెట్టి స్పిరిట్ ఆవిరి చేస్తూ, పొద్దున జరిగింది చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసేశారు.

"ఆవిడని తీసుకురండి. పురుగుని చంపినంత మాత్రాన ఆ వాపు పోదు సత్యవతిగారూ, మీకూ తెలుసు. పాడైన కాలుని చూసుకోవడం వేరే పని. సబ్బుతో రోజూ కడగాలి, వేళ్ళ సందులు తడి లేకుండా తుడవాలి, పగుళ్ళకి మందు రాయాలి, కాలు ఎత్తులో పెట్టాలి. పగుళ్ళలోంచి క్రిములు లోపలికి పోకపోతే, ఈ జబ్బులో మాటిమాటికీ వచ్చే జ్వరాలు తగ్గుతాయి. కాలు సన్నబడుతుందని మాట ఇవ్వను. జ్వరాలు తగ్గితే చాలా తగ్గినట్టే."

ఇంటికొచ్చి చెప్పాను. "రాను," అంది రాజమ్మ అక్క. "వీధిలో నడవాలి గదా."

రెండో పరీక్ష

మళ్ళీ వేకువనే కబేళా, మళ్ళీ ఏసుపాదం. ఈసారి కొంగు ముక్కుకి పెట్టుకోలేదు. ఇంటికొస్తే స్నానాల గది పక్కన ఒక బకెట్ గోరువెచ్చటి నీళ్ళతో సిద్ధంగా ఉంది. నాకనుకున్నాను.

"నీకు కాదు, దానికి," అంది అక్క. నా చేతిలో ఫ్లాస్కు తీసుకుని బకెట్లో నిలబెట్టింది. దాని మెడకి ఎర్ర గుడ్డపీలిక కట్టి, శెట్టిగారిని పిలిచి చూపించింది. "ఇది కాఫీ కాదు. తెలిసినాదా?"

"తెలిసినాది, తెలిసినాది," అన్నారాయన దూరం నుంచే.

ఆ రోజు పళ్ళేల ముందు కూర్చుని లేవలేదు. ఉత్త ఉప్పునీళ్ళలో పురుగులు హాయిగా మెలికలు తిరుగుతున్నాయి. ఆకు కలిపిన పళ్ళేల్లో మధ్యాహ్నానికి నెమ్మదించాయి. సాయంత్రానికి సూదితో తాకితేనే కదులుతున్నాయి. కానీ కదులుతున్నాయి. పెద్దపురుగు ఒక్కటీ చావలేదు. నళినిగారు ఒక బొట్టు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి నన్ను చూడమన్నారు. ఆడపురుగుల్లోంచి బయటికొచ్చిన పిల్లపురుగులు చెల్లాచెదురుగా, కదలకుండా ఉన్నాయి. ఆకు లేని పళ్ళెంలో పిల్లపురుగులు చలాకీగా కొట్టుకుంటున్నాయి.

"ఏదో ఉంది మీ ఆకులో," అన్నారావిడ. "పెద్దదాన్ని చంపలేదు. పిల్లల్ని ఆపింది. ఆకులో ఉండే అనేక పదార్థాల్లో అది ఏదో విడదీయాలి. తరవాత అది ఒంటికి విషమా కాదా చూడాలి. ఆ తరవాతే మందు మాట. మీకు ఏళ్ళు పట్టొచ్చు. ఏమీ తేలకపోవచ్చు కూడా."

"నేను పెద్దపురుగు కోసం వచ్చాను డాక్టర్."

"పురుగుకి ఆ సంగతి తెలీదుగా," అని మొదటిసారి నవ్వారు.

ఇది రాస్తున్నప్పటికి నేను మా కాలేజీ ప్రయోగశాలలో వావిలాకు సారాన్ని భాగాలుగా విడదీసే పనిలో ఉన్నాను. నిరాశ మాత్రం ఆ సాయంత్రం బస్సులోనే అయిపోయింది. ఇంటికొచ్చి రాజమ్మ అక్కకి ఈసారి "కానీ" ముందు పెట్టి చెప్పాను.

"మందు దొరకలేదక్కా. పిల్లపురుగుల్ని ఆపింది, పెద్దవి చావలేదు. మన కాళ్ళకి ఇప్పట్లో ఇందులో ఏమీ లేదు."

ఆవిడ మినప్పప్పులో రాళ్ళేరుతోంది. ఏరుతూనే ఉంది. చివరికి, "ఆ డాక్టరమ్మ కాలు చూస్తానన్నాదే, అదన్నా నిజమేనా?" అంది.

"నిజం."

"జ్వరాలు తగ్గతాయన్నాదా?"

"అంది."

"అప్పురం ఏంది, ఇంకేం కావాల," అంది చేట పక్కకి జరిపి. "పొద్దున పోదాం."

వీధి

పొద్దున మెట్లు దిగడానికే చాలాసేపు పట్టింది. శెట్టిగారు కొట్టు వదిలి ముందు నడిచారు, ఆవిడ చెయ్యి ఆయన భుజం మీద. గుమ్మం ముందు ఆటో. అక్క చుట్టూ చూడకుండా ఎక్కేసి, పైట చెంగుతో మొహం సగం కప్పుకుంది.

ప్రయోగశాల వెనక చిన్న గది. నళినిగారు పీట మీద కూర్చుని, బేసిన్‌లో నీళ్ళు పెట్టించి, అక్క కుడికాలు తన ఒళ్ళోకి తీసుకున్నారు. అక్క కాలు లాక్కోబోయింది. డాక్టరు వదల్లేదు. వేళ్ళ సందుల్లో సబ్బు రుద్ది, నీళ్ళు పోసి, మెత్తటి గుడ్డతో అద్ది, పగుళ్ళకి మందు రాసి కట్టు కట్టారు, ఎడమకాలికీ అలాగే చేశారు. తరవాత నా ఎడమకాలు చూపించి, "ఇప్పుడు మీరు ఆవిడకి చెయ్యండి," అన్నారు అరవంలో. రాజమ్మ అక్క వంగి నా కాలు పట్టుకుంది. చేతులు గరుకుగా, చాలా జాగ్రత్తగా. కడిగి, తుడిచి, తలెత్తకుండానే అంది.

"ఇన్నేండ్లుగా నా కాలు నేను కూడా సరిగా ముట్టుకోలేదు సత్యా."

వచ్చేటప్పుడు మా వీధి మొదట్లో పప్పు బస్తాల లారీ అడ్డంగా ఆగి ఉంది. ఆటో ముందుకి పోదు. ఆటోవాడు హారను కొట్టి కొట్టి విసుక్కున్నాడు. లారీ కదిలేదాకా కూర్చుందాం అన్నాను. అక్క కాసేపు చూసింది. కుళాయి దగ్గర బిందెల వరస, అరుగుల మీద ఆడవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు. తరవాత మొహం మీది చెంగు తీసి భుజాన వేసుకుని, ఒక్కో కాలే దింపి ఆటో దిగింది. నేల మురికిగా ఉంది. చీర అంచును పాదాలు కనపడేంత పైకి ఎత్తిపట్టి, కొత్తగా కట్టిన తెల్ల కట్లతో నడవడం మొదలుపెట్టింది. నేను పక్కన నడిచాను.

బిందెల దగ్గర ఆడవాళ్ళు ఇటు తిరిగారు. ఒకావిడ తెలుగులోనే, "రాజమ్మక్కా! ఏందక్కా, కాళ్ళకి ఏమాయె?" అని అరిచింది.

"బోదకాళ్ళు," అంది రాజమ్మ అక్క, వీధి మొత్తానికి వినపడేలా. "డాక్టరు దగ్గరికి పోయొస్తా ఉండా. మీ ఇంట్లో మీ అత్తకి కూడా ఉండాదిగా, రేపు మా ఇంటికి పంపించు. ఎట్టా కడగాలో నేర్పిస్తా."